మా నాన్న 1989 బజాజ్ చేతక్ - 36 ఏళ్ళ వాడకం తర్వాత రివ్యూ

పాత చేతక్ కొందామనుకునేవాళ్ళు, లేదంటే ఇంట్లో మూలన పడున్న నాన్న బండిని మళ్ళీ బయటికి తీద్దామనుకునేవాళ్ళు నన్ను ముందు అడిగేది ఇంజన్ బాగుందో లేదో ఎలా తెలుస్తుందండీ అని. ఇంజన్ సంగతి తర్వాత, ముందు కాళ్ళ దగ్గర రబ్బరు మ్యాట్ ఎత్తి చూడండి అంటాను నేను. ఎందుకలా అంటానో చెప్పాలంటే మా బండి సంగతి మొదట్నించీ చెప్పాలి, కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

మాది తెనాలి. నాన్న హైస్కూల్లో లెక్కల మేష్టారు. 1984లో బుక్ చేస్తే 1989లో చేతికొచ్చింది స్కూటర్. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు గానీ అప్పట్లో స్కూటర్ కోసం ఏళ్ళ తరబడి ఆగడం మామూలు విషయం, ఎవరింటికైనా బండి వచ్చిందంటే వీధంతా వెళ్ళి చూసొచ్చేది. మా ఎదురింటాయనకి హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళ పుష్పక్ ఉండేది, పక్క సందులో ప్రియా ఒకటి, మాది చేతక్, ఆదివారం పొద్దున ముగ్గురూ బయట పెట్టి కడుగుతూ ఎవరి బండి గొప్పదో వాదించుకునేవాళ్ళు. ఆ మూడింట్లో ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్నది మాదొక్కటే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బజాజ్ వాళ్ళు మొదట ఇటలీ పియాజియో కంపెనీ లైసెన్సు మీద వెస్పా చేసేవాళ్ళు, 1971లో ఆ ఒప్పందం అయిపోయింది, 1972 నుంచి చేతక్ పేరుతో సొంతంగా మొదలుపెట్టారు, రాణా ప్రతాప్ గుర్రం పేరది. 145 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్. బోరు 57 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 57 మిల్లీమీటర్లే, రెండూ సమానం కాబట్టి నాన్నకి భలే ఇష్టం, క్లాసులో సిలిండర్ ఘనపరిమాణం లెక్క చెప్పేటప్పుడు పిల్లల చేత మా బండి సీసీ లెక్క కట్టించేవారు. నాలుగు గేర్లు, ఎడంచేతి పట్టులోనే, క్లచ్ పట్టుకుని మణికట్టు తిప్పితే పడతాయి. గొలుసు లేదు, ఇంజన్ గేర్‌బాక్స్ నుంచి నేరుగా వెనక చక్రానికే. బండి మొత్తం రేకు. బైకులకి ఉన్నట్టు లోపల గొట్టాల ఫ్రేమ్ ఉండదు, పైన కనపడే ఆ రేకు ఒళ్ళే ఫ్రేమ్, ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

36 ఏళ్ళు ఎలా నడిచింది అంటే అందులో పాడవ్వడానికి ఉన్నవి తక్కువ, పాడైనవి విప్పడం తేలిక, అంతే నాకు తెలిసింది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో వాల్వులు లేవు, క్యామ్ లేదు, టైమింగ్ చైన్ లేదు. ఒక పిస్టన్, ఒక కనెక్టింగ్ రాడ్, ఒక క్రాంక్, అవే కదిలేవి. పిస్టన్ అరిగి కంప్రెషన్ తగ్గిపోయి కిక్ మెత్తగా దిగిపోతుంటే సిలిండర్‌ని లేత్ షాపుకి ఇచ్చి బోరింగ్ చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్, రింగులు వేస్తే ఇంజన్ మళ్ళీ కొత్తదవుతుంది. మాకు ఇప్పటికి రెండు బోరింగులు అయ్యాయి, 1998లో ఒకటి, 2011లో ఒకటి. మొదటిది వయసు మీద వచ్చింది, రెండోది మనిషి చేసిన తప్పు వల్ల వచ్చింది.

ఆ తప్పేంటంటే టూటీ ఆయిల్. ఈ ఇంజన్‌కి పిస్టన్ దగ్గరికి విడిగా ఆయిల్ వెళ్ళే దారి లేదు, పెట్రోల్‌లో కలిపిన ఆయిలే లోపలికెళ్ళి పిస్టన్‌ని కాపాడాలి. లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే నూటికి రెండు వంతులు. వెనకటికి బంకుల్లో టూటీ ఆయిల్ మిషన్ విడిగా ఉండేది, హ్యాండిల్ కొట్టి ఆయిల్ పోసి ఆ తర్వాత పెట్రోల్ పోసేవాళ్ళు, స్కూటర్ చూడగానే ఎంత కలపాలో వాళ్ళకే తెలిసేది. ఇప్పుడు బంకుల్లో పిల్లలకి అది తెలీదు, తెలియాల్సిన పనీ లేదు వాళ్ళకి. 2011లో మా చుట్టాలబ్బాయి గుంటూరు వెళ్ళొస్తానని బండి తీసుకుని మామూలు బైకుకి కొట్టించినట్టే ఫుల్ ట్యాంకు ఉత్త పెట్రోల్ కొట్టించాడు, పాత ఆయిల్ కాస్త మిగిలుండబట్టి కొంత దూరం వచ్చింది, తిరిగొచ్చేటప్పుడు నారాకోడూరు దాటాక ఇంజన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయి బండి జారింది. పిల్లాడికి మోచేయి గీసుకుపోయింది, అంతకుమించి ఏం కాలేదు, అదే చాలు మాకు. అప్పట్నించీ ట్యాంక్ మూత లోపలివైపు పెయింటుతో ఆయిల్ కలపాలి అని రాయించాను, మూత తీస్తే కనపడి తీరాలి. డిక్కీలో ఒక చిన్న సీసా, దాని మీద 20, 40, 60 గీతలు. ముందు ఆయిల్ పోసి ఆ తర్వాత పెట్రోల్ పోయించుకోండి, పడే ధారకి అదే కలిసిపోతుంది, పైనుంచి పోస్తే అడుగుకి చేరి మొదటి కిక్కుకే ప్లగ్ తడిసిపోతుంది. ఎక్కువ పోస్తే ఇంజన్‌కి ఇంకా మంచిదని కొందరు అనుకుంటారు, అదీ తప్పే, పొగ, సైలెన్సర్‌లో మసి, ప్లగ్ నల్లబడటం తప్ప ఏమీ ఉండదు.

ప్లగ్ గురించి నాన్న చెప్పేది నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. ప్లగ్ విప్పి మూతి రంగు చూస్తే లోపల ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. ఇటుక పొడి రంగులో పొడిగా ఉంటే అంతా బాగున్నట్టు. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువైందో, పెట్రోల్ ఎక్కువ తాగుతోందో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో. తెల్లగా కాలినట్టుంటే పెట్రోల్ చాలడం లేదు, ఎక్కడో గాలి లాగుతోంది, దాన్ని వదిలేస్తే పిస్టన్‌కి ముప్పు. నెలకోసారి విప్పి, సాండ్ పేపర్‌తో రుద్ది, గ్యాప్ చూసి మళ్ళీ బిగించడం, మహా అయితే పది నిమిషాల పని. గుడ్డలో చుట్టిన స్పేర్ ప్లగ్, ప్లగ్ స్పానర్, ఒక క్లచ్ వైరు డిక్కీలో లేకుండా మా బండి గేటు దాటదు. పొద్దున్నే బండిని ఒక పక్కకి వంచి స్టార్ట్ చేసే అలవాటు అందరిళ్ళల్లో ఉండేది కదా, అలా వంచితే కార్బొరేటర్‌లోకి పెట్రోల్ చేరుతుందనేవాళ్ళు. నాన్న మాత్రం వంచడానికి ఒప్పుకునేవారు కాదు, ప్లగ్ బాగుండి చోక్ లాగితే మూడో కిక్కుకి రావాలి, రాకపోతే బండిని వంచడం కాదు ఎందుకు రావట్లేదో చూడాలి అనేవారు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నేర్చుకున్నాను దీని మీద, 1996 ఎండాకాలం, పొద్దున ఐదింటికి స్కూల్ గ్రౌండులో. అప్పట్లో మా వీధిలో గేర్ల స్కూటర్ నడిపే ఆడపిల్ల లేదు. ఎడంచేతిలో గేరు, కుడికాలి కింద బ్రేకు, ఇంజన్ అంతా కుడిపక్కనే కాబట్టి బండి కొంచెం అటు లాగుతుంది, వారం రోజులు పట్టింది నాకు ఆ లాగుడు ఒంటికి అలవాటవడానికి. తర్వాత ఇంక ఏ బండి అయినా నాకు తేలికే. గ్యాస్ బండ కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాను, బియ్యం మూట తెచ్చాను, మా చెల్లి పదో తరగతి పరీక్షలన్నిటికీ దించొచ్చాను. ఆ ముందున్న చదునైన చోటు, దాని ముందు పెద్ద రేకు అడ్డం, వానలో కాళ్ళు తడవవు, చీర నలగదు, చిన్నపిల్లలు ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుని రావొచ్చు. ఇంట్లో అందరికీ పనికొచ్చిన బండి.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. పది అంగుళాల చిన్న చక్రాలు, గుంతలో పడితే నడుముకి తెలుస్తుంది, ఇసుక మీద, వాన నీళ్ళలో ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. బ్రేకులు డ్రమ్ములే, ఇప్పటి డిస్కు బండ్ల వెనక మరీ దగ్గరగా వెళ్ళకండి, వాళ్ళు ఆగినంత తొందరగా మనం ఆగం. మా మోడల్లో హెడ్‌లైట్ ఇంజన్ తిరిగే స్పీడుని బట్టే వెలుగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే మసకబారుతుంది, అందుకే రాత్రుళ్ళు హైవే ఎక్కను. ఇవి ఈ బండి ఒక్కదానివే కావు, ఆ కాలం స్కూటర్లన్నీ ఇంచుమించు ఇంతే. మైలేజీ నాన్న నోట్‌బుక్ ప్రకారం ఊళ్ళో 40, బయట రోడ్డు మీద 45 దాకా. తారీఖు, కిలోమీటర్లు, పెట్రోల్, ఆయిల్, ఏం రిపేరు చేయించాం, అన్నీ రాసేవారాయన, ఆరు నోట్‌బుక్కులున్నాయి. మైలేజీ ఉన్నట్టుండి 35కి పడిపోతే అది ఆ నోట్‌బుక్‌లోనే ముందు కనపడేది, బండి ఆగిపోకముందే మెకానిక్ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మన తప్పుతో 2011లో పట్టేసింది పక్కన పెడితే, ఒక్కసారి తప్ప ఇది మమ్మల్ని చెప్పాపెట్టకుండా రోడ్డు మీద వదిలేసింది లేదు, ఆ ఒక్కసారీ గేర్ వైరు తెగింది, దారిలో మెకానిక్ చేత ఇంజన్ దగ్గర చేత్తో సెకండ్ గేర్‌లో వేయించుకుని అలాగే మెల్లగా ఇంటికొచ్చేశాం.

పంక్చర్ అయితే మనమే చక్రం మార్చుకోవచ్చు, స్టెప్నీ ముందూ వెనకా రెండిటికీ సరిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చక్రాన్ని డ్రమ్ముకి బిగించే నట్లు వేరు, రిమ్ము రెండు ముక్కల్ని కలిపే నట్లు వేరు. రిమ్ము నట్లు విప్పేముందు ట్యూబులో గాలి పూర్తిగా తీసేయాలి, గాలి ఉండగా విప్పితే రిమ్ము ముక్క ఎగిరి ముఖానికి తగుల్తుంది. పాత బండి కొత్తగా చేతికొచ్చినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా.

ఇప్పుడు మ్యాట్ సంగతి. 2014లో నాన్నకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై నడపడం మానేశారు. నేను గుంటూరులో ఉద్యోగం, అక్కడ వేరే బండి. చేతక్‌ని పెరట్లో గోడ వారగా పెట్టి, వాన తగలకుండా పైన టార్పాలిన్ కప్పి, తాడు కట్టి, చాలా జాగ్రత్త చేశామనుకున్నాం. 25 ఏళ్ళు రోజూ తిరిగిన బండికి జరగని నష్టం ఆ మూడేళ్ళలో జరిగింది. టార్పాలిన్ వానని ఆపింది గానీ కింద మట్టిలోంచి వచ్చే తేమని బయటికి పోనివ్వలేదు. ట్యాంకులో మిగిలిన పెట్రోల్ బంకగా మారింది, ట్యాంకు లోపల తుప్పు, కార్బొరేటర్ జెట్టు మూసుకుపోయింది, క్రాంక్ ఆయిల్ సీళ్ళు ఎండి గట్టిపడ్డాయి, టైర్లు నేలకి ఆనిన చోట పగుళ్ళు. 2017లో బయటికి తీసి మా పాత మెకానిక్ దగ్గరికి ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాను, నా చిన్నప్పట్నించీ ఈ బండి చూసే మనిషి, బాబాయ్ అంటాను నేను. నేను ఇంజన్ తిరగట్లేదు బాబాయ్ అని ఏదో చెప్పబోతుంటే ఆయన ఇంజన్ వైపు కూడా చూడలేదు. “ఇంజన్ నాకొదిలెయ్ అమ్మాయ్, నువ్వు ముందా మ్యాట్ ఎత్తు” అన్నాడు.

ఎత్తాను. మ్యాట్ కింద రేకు లేదు. పైన పెయింటు పొర ఉంది, స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే బిస్కెట్‌లా విరిగి కిందకి రాలిపోయింది, కింద నేల కనపడింది. బ్రేకు పెడల్ దగ్గర్నుంచి మధ్యలో ఉబ్బుగా ఉండే భాగం దాకా అదే తీరు. కడిగిన ప్రతిసారీ, వానలో తిరిగిన ప్రతిసారీ నీళ్ళు ఆ రబ్బరు కిందకి చేరి ఆరకుండా ఉండిపోయి పాతికేళ్ళుగా తుప్పు రేకుని తింటూనే ఉందంట, ఆ మూడేళ్ళు పూర్తి చేసేశాయి. అప్పుడు చెప్పాడాయన, ఇంజన్ ఎన్నిసార్లయినా లేపొచ్చు, పిస్టన్ దొరుకుతుంది, క్రాంక్ దొరుకుతుంది, సీలు దొరుకుతుంది, ఒళ్ళు పోతే బండి పోయినట్టే అని. ముందు చెప్పానే, ఆ రేకే ఫ్రేమ్ అని, అదీ సంగతి. ఫ్లోర్ పోయిన బండి గుంతలో పడితే మధ్యకి విరిగే ప్రమాదం ఉంది.

ముందు ఒక టింకరింగ్ షాపులో అడిగితే పాత రేకు మీదే కొత్త రేకు పరిచి నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టి పెయింటేస్తా, రెండు వేలు అన్నాడు. బాబాయ్ వద్దన్నాడు, కింద తుప్పు అలాగే ఉంటే కొత్త రేకునీ రెండేళ్ళలో తినేస్తుంది. కుళ్ళిన రేకంతా మంచి రేకు తగిలేదాకా కోసేయాలి. కోసేముందు ముందుభాగానికీ సీటు కింద భాగానికీ మధ్య ఇనప కడ్డీ ఆనించి బిగించాలి, లేకపోతే ఫ్లోర్ తీయగానే బండి వంగిపోయి ఆ వంకరలోనే వెల్డింగ్ అయిపోతుంది, ఇంక జీవితాంతం ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది. అలాగే చేయించాం, కింద ఉండే అడ్డపట్టీలు కూడా కొత్తవి, లోపలా బయటా ప్రైమర్, కిందవైపు అండర్ కోటింగ్. ఇంజన్‌కి ఆయిల్ సీళ్ళు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు, పాయింట్లు, కండెన్సర్. ట్యాంకులో గుప్పెడు నట్లు, కొంచెం డీజిల్ పోసి ఊపి ఊపి తుప్పు రాల్చాం, నేనే ఊపాను ఒక సాయంత్రమంతా. మొత్తం 14,000 అయింది, అందులో ఇంజన్‌ది సగం కూడా లేదు.

సామాన్లు దొరుకుతాయా అని అడుగుతారు. ఇంజన్ సామాను, వైర్లు, రబ్బర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, నాకు గుంటూరులో దొరకనివి విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి, అక్కడా లేనిది ఒకటి సికింద్రాబాద్ రాణీగంజ్ నుంచి తెప్పించాను. డూప్లికేట్లతో జాగ్రత్త, ఒకచోట కొన్న క్లచ్ ప్లేట్లు నాలుగు నెలలకే పొడి రాలిపోయాయి, అందుకే ఇప్పుడు పాత ముక్క చేత్తో పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి మందం, బరువు చూసుకోకుండా డబ్బులివ్వను. అసలు దొరకనిది ఒళ్ళే, కాబట్టి పక్క డోములు, అంటే వెనక రెండు పక్కలా ఉండే ఉబ్బెత్తు రేకులు, సొట్టలు పడినా సరే, ఒరిజినల్‌వి అయితే పారేయకండి, సొట్ట తీయొచ్చు.

ఇంకొకటి ఈ మధ్య వచ్చిన ఇబ్బంది, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాల్లోంచి నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరుకి పడదు. నేను పెట్రోల్ పైపు, కార్బొరేటర్ వాషర్లు అన్నీ మార్పించేశాను, ఆదివారం ఆదివారం తప్పకుండా తిప్పుతాను, వారం కంటే ఎక్కువ ఆపాల్సి వస్తే ట్యాప్ కట్టేసి కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపిస్తాను. నెల దాటి ఆపేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసేయండి. టార్పాలిన్ వద్దు, పాత దుప్పటి కప్పండి, గాలి ఆడాలి, కింద రెండు చెక్కలు పెట్టండి. మ్యాట్ మాత్రం నేను 2017 తర్వాత మళ్ళీ వేయనే లేదు, అందరూ బోసిగా ఉందంటారు, ఉండనీండి, కడిగిన పావుగంటకి ఆరిపోతోంది.

ఆర్‌సీ మొదట 15 ఏళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యూవల్. మాది 2024లో మళ్ళీ అయింది, ఇంక 2029 దాకా పర్లేదు. కొనేవాళ్ళు బండి ఎంత మెరుస్తున్నా ఆర్‌సీ బతికుందో లేదో, ఇంజన్ నంబర్ కలుస్తోందో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. రోజూ 40 కిలోమీటర్లు ఆఫీసుకి వెళ్ళాలి, చెయ్యి నల్లబడటం నాకిష్టం లేదు అనేవాళ్ళకి నేను ఈ బండి చెప్పను, 2020 నుంచి అదే పేరుతో కరెంటు చేతక్ వస్తోంది కదా, వాళ్ళకి అదే నయం. ఊళ్ళో తిరగడానికి, వారంలో ఒక గంట బండి పక్కన కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళకి కళ్ళు మూసుకుని చెప్తాను, మ్యాట్ ఎత్తి చూశాక.

మొన్న ఆదివారం తెనాలిలో ఇంటి ముందు స్టార్ట్ చేసి వదిలాను. నాన్న అరుగు మీద కుర్చీలో పేపరు చదువుతున్నారు, ఈ మధ్య చెవులు సరిగ్గా వినపడటం లేదంటారు, రెండుసార్లు పిలిస్తే గానీ పలకరు. పేపర్లోంచి తలెత్తకుండానే “ఐడ్లింగ్ ఎక్కువుంది, పావు తిప్పు తగ్గించు” అన్నారు. స్క్రూడ్రైవర్ తీసి పావు తిప్పు తిప్పాను. సరిపోయింది.